పాముకు పేరు పెట్టిందెవరు?

(జంగారెడ్డిగూడెంలో పిల్లల వేసవి శిబిరం ముగింపు సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ పూట మనం ఆట గురించి మాట్లాడుకుంటాం. "మీటింగు పెట్టి ఆటలేంటి మాస్టారూ, కూలి రేట్ల సంగతి చూడండి" అని పొద్దున్నే ఒక పెద్దాయన అన్నారు. అదీ ఉంది. పొగాకు బ్యారన్ల దగ్గరా, ఆయిల్‌పామ్ తోటల్లోనూ మనవాళ్ల కష్టం గురించి మధ్యాన్నం కూచుని మాట్లాడదాం. కానీ ఈ శిబిరంలో పిల్లలు గీసిన పటం ఒకటి గోడకి వేలాడుతోంది, చూడండి. పాత వైకుంఠపాళిని వాళ్లు కొత్తగా గీశారు. దాని మీద రెండు రోజులుగా పేటలో రగడ నడుస్తోంది. "అది దేవుడి పటం, ముట్టుకోకూడదు" అని కొందరు పెద్దలు అంటున్నారు. "దేవుడి పటమైతే తగలెయ్యాలి గానీ మళ్లీ గీసేదేంటి" అని కుర్రాళ్లు అంటున్నారు. "అంతా బాగుంది గానీ ఆ మందు పామొక్కటి చెరిపెయ్యండి" అని ఇంకొందరు మెల్లగా చెవిలో చెబుతున్నారు. ఈ మూడు మాటలకీ జవాబు చెప్పుకోవాలి.

ముందు పాత పటం సంగతి చూద్దాం. శివరాత్రి జాగారానికి మనమంతా ఆడినదే. పరమపద సోపాన పటం అని దానికి ఇంకో పేరు. గవ్వలు వేస్తాం, పడినన్ని గళ్లు నడుస్తాం. నిచ్చెన తగిలితే పైకి పోతాం, పాము నోట్లో పడితే కిందికి జారతాం. అన్నిటికన్నా పైన వైకుంఠం. ఇంకాస్తలో చేరిపోతాం అనగా పెద్దపాము కాచుకుని ఉంటుంది. ఇదంతా మీకు తెలుసు. కానీ పటం మీద రాసిన పేర్లు ఎప్పుడైనా నిదానంగా చదివారా? నిచ్చెనల దగ్గర భక్తి, దానం లాంటి సుగుణాల పేర్లు ఉంటాయి. పాముల దగ్గర దుర్గుణాల పేర్లూ, రాక్షసుల పేర్లూ ఉంటాయి. రాక్షసులంటే ఎవరు? పురాణం చెప్పేవాడి యజ్ఞాన్ని ఒప్పుకోనివాళ్లు, అడవిలో బతికేవాళ్లు, నల్లగా ఉండేవాళ్లు. మహాత్మా ఫూలే 1873లో 'గులాంగిరీ' రాసి ఇదే ప్రశ్న అడిగాడు. పురాణాలు రాక్షసుడన్న బలిచక్రవర్తిని ఈ నేల ప్రజల రాజుగా నిలబెట్టాడు. పాముకు పేరు పెట్టిందెవరు అని ఆనాడే నిలదీశాడన్నమాట.

పేర్ల కన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. ఈ ఆటలో ఆడేవాడు చెయ్యగలిగింది ఏమీ లేదు. గవ్వ ఎలా పడితే అలా నడవాల్సిందే. తెలివి పనికిరాదు, పక్కవాడి సాయం పనికిరాదు. పాము కరిస్తే "నా కర్మ" అనుకుని నోరు మూసుకుని దిగిపోవాలి. కర్మ సిద్ధాంతాన్ని పిల్లల చేతికి ఆటబొమ్మలా ఇచ్చారు.

సరే, ఈ పటం ఎప్పుడూ ఇలాగే ఉందా? లేదు. జైనులు తమ మతానికి తగ్గట్టు వాళ్ల పటం వాళ్లు గీసుకున్నారు. 19వ శతాబ్దం చివరలో ఇంగ్లండులో ఇదే ఆటని అక్కడి నీతులు రాసి అమ్మారు. 1943లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ అనే కంపెనీ పాముల్ని చూస్తే పిల్లలు జడుసుకుంటారని వాటిని తీసేసి జారుడుబల్లలు పెట్టింది. ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకున్నారు. మరి మనం ముట్టుకుంటేనే మైలపడుతుందా? "ముట్టుకోకూడదు" అన్న పెద్దలకి ఇదే మా జవాబు. ఆ మాట మనకి కొత్త కాదు. బావి దగ్గరా విన్నాం, గుడి దగ్గరా విన్నాం.

పటం మార్చడం అంటే ఏమిటి? దీనికి పనికొచ్చే ఒక కథ అదే అమెరికాలో జరిగింది. మిల్టన్ బ్రాడ్లీని 1984లో హాస్‌బ్రో అనే పెద్ద కంపెనీ కొన్నది. అదే హాస్‌బ్రో 1999లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే ఇంకో కంపెనీని కొన్నది. దానితో పాటు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట కూడా దాని చేతికొచ్చింది. అంటే చెరసాలలూ, రెక్కల సర్పాలూ అని. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో తెచ్చారు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూచుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక వేషం కడతారు. మన వీధినాటకంలా అనుకోండి, కాకపోతే ముందే రాసిన మాటలుండవు. "నీ ముందు ఏరు పొంగుతోంది, ఏం చేస్తావు?" అని కథ నడిపేవాడు అడుగుతాడు. నువ్వు ఏం చేస్తావో చెబుతావు. నెగ్గావా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. వైకుంఠపాళిలో లేనిది ఇక్కడ ఉంది. పాచిక ఉంది గానీ, దానికి ముందు నీ నిర్ణయం ఉంది.

కానీ ఆ ఆటలో లోకాన్ని ముందే రాసిపెట్టారు. యాభై ఏళ్లుగా పుస్తకాల మీద పుస్తకాలు వేస్తున్నారు. దేశాలు, దేవుళ్లు, జాతులు అన్నీ అందులో ఉంటాయి. ఓర్క్ అనే జాతి ఉంది. పుట్టుకతోనే మొరటువాళ్లు, క్రూరులు అని రాశారు. డ్రౌ అనే జాతి ఉంది. నల్లటి చర్మం, భూమి కింద నివాసం, దేవుడి చేత వెలి, పైగా దుర్మార్గులు అని రాశారు. వింటుంటే ఎక్కడో విన్నట్టు లేదూ? మనం పురాణంలో విన్నదే. అంతటితో ఆగలేదు. వేషం ఎన్నుకోగానే మార్కులు ఇస్తారు. బలానికి ఇన్ని, బుద్ధికి ఇన్ని అని. 2016లో వచ్చిన పుస్తకంలో ఓర్క్ వేషం కడితే బుద్ధిలో రెండు మార్కులు కోసేశారు. ఆటగాడు ఇంకా నోరు తెరవలేదు, పాచిక వెయ్యలేదు. పుట్టాడు గనక మార్కులు పోయాయి. మేము బడిపంతుళ్లం, మాకు ఈ లెక్క బాగా తెలుసు. "వాళ్లకి లెక్కలు ఎక్కవులెండి" అని స్టాఫు రూముల్లో అనే మాట ఇదే. ఒక బడి వార్షికోత్సవంలో మన పేట పిల్లాడికి "నువ్వు నల్లగా ఉన్నావు, నీకు రాక్షసుడి వేషం సరిపోతుంది" అన్నారు. ఆ వేషంలోనూ ఇదే లెక్క.

2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లమనిషి మెడ మీద పోలీసు మోకాలు పెట్టి చంపాడు. అమెరికా అంతా వీధిలోకొచ్చింది. ఎన్నాళ్లుగానో ఆటగాళ్లు అడుగుతున్న ప్రశ్నకి కంపెనీ ఆ జూన్ నెలలో జవాబు చెప్పక తప్పలేదు. ఓర్కులూ, డ్రౌలూ పుట్టుకతో చెడ్డవాళ్లు కారు, అందరిలాగే మంచీ చెడ్డా ఉన్న మనుషుల్లా రాస్తాం అంది. రావెన్‌లాఫ్ట్ అనే పాత కథాలోకం 1983 నుంచి ఉంది. అందులో విస్తానీలు అని సంచారజాతి. యూరప్‌లోని రోమా జనాన్ని చూసి, తాగుబోతులు, దొంగలు అన్నట్టు రాశారు. దాన్నీ సరిదిద్దుతాం అంది. మన ఎరుకల, యానాది కుటుంబాలకి ఈ అవమానం తెలుసు. 1871లో తెల్లదొరలు నేరస్త జాతుల చట్టం చేసి, పుట్టిన బిడ్డని కూడా దొంగల జాబితాలో రాశారు. 1952లో గానీ అది పోలేదు. ఇక్కడ పోలీసు రిజిస్టరు చేసిన పనే అక్కడ ఆట పుస్తకం చేసింది.

మార్పు జరిగిందా? దాన్ని మూడు ప్రశ్నలతో తూచాలి. పిల్లలూ, ఇవి రాసుకోండి. పేరు మారిందా? నియమం మారిందా? కలం చేతులు మారిందా?

మొదటిది పేరు. ఆటలో ఇన్నాళ్లూ 'రేస్' అన్న మాట వాడారు. 2022 డిసెంబరులో దాన్ని తీసేసి 'స్పీషీస్' అంటాం అన్నారు. 2024లో వచ్చిన పుస్తకం అలాగే అచ్చయింది. మంచిదే. పేరు మారడం చిన్న సంగతి అని మేము అనం. 1917లో బెజవాడలో పంచమ మహాసభ అని పిలిచిన సభలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షుడిగా కూచుని, మనం పంచములం కాము, ఈ నేల మొదటి బిడ్డలం అని తేల్చాక అది ఆది ఆంధ్ర మహాసభ అయింది. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా కాగితాల మీద ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అని రాయక తప్పలేదు. ఆ పేరు మనం పెట్టుకున్నది. తర్వాత 'హరిజన' అని మనకి పెట్టిన పేరు వేరే. దాన్ని బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. పేరు మారిందా అని అడిగితే చాలదు, ఎవరు మార్చారు అని కూడా అడగాలి.

రెండోది నియమం. 2024 పుస్తకంలో జాతిని బట్టి మార్కులు లేవు. పెరిగిన నేపథ్యాన్ని బట్టి, చేసిన పనిని బట్టి మార్కులు ఇస్తారు. వినడానికి బాగుంది. కానీ పుస్తకం తెరిచి చూడండి. రైతు అనుకుంటే బలం, ఒంటి గట్టిదనం, వివేకం అనే మూడింటిలోనే పెంచుకోవచ్చు. ప్రభువంశం అనుకుంటే బలం, బుద్ధి, ఆకట్టుకునే గుణం. అంటే దొరగారి అబ్బాయికి బుద్ధి పెరిగే దారి ఉంది, నాగలి పట్టినవాడికి లేదు! పుట్టుక తలుపు మూసి, వృత్తి కిటికీ తెరిచారు. 1936లో 'కులనిర్మూలన'లో బాబాసాహెబ్ ఆర్యసమాజం వాళ్లతో తలపడింది ఇక్కడే. పుట్టుకని బట్టి కాదు, గుణాన్ని బట్టి చాతుర్వర్ణ్యం అని వాళ్లన్నారు. గుణాన్ని బట్టే అయితే మళ్లీ ఆ నాలుగు పాత పేర్లే ఎందుకు అని ఆయన నిలదీశాడు. ఆ ప్రశ్న ఈ ఆట పుస్తకానికి కూడా పనికొస్తుంది.

మూడోది కలం. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. స్పెల్‌జామర్ అని 1989 నాటి ఇంకో కథాలోకం ఉంది. ఓడల మీద నక్షత్రాల మధ్య తిరిగే కథలు. 2022 ఆగస్టులో దాన్ని కొత్తగా దిద్ది అచ్చేశారు. అందులో హాడోజీలు అని కోతిరూపం మనుషులున్నారు. వాళ్లకి కొత్తగా పూర్వకథ రాశారు. ఒక మాంత్రికుడు వాళ్లని పట్టుకుని, మందు పోసి తెలివి తెప్పించి, బానిసలుగా అమ్మాలనుకున్నాడట. అతని శిష్యులు జాలిపడి వాళ్లని విడిపించారట. నల్లజాతి ఆటగాళ్లు మండిపడ్డారు. బానిసత్వాన్ని కోతుల కథగా రాస్తారా అన్నారు. సెప్టెంబరులో కంపెనీ క్షమాపణ చెప్పి ఆ భాగం తీసేసింది. చూశారా, 2020లో మాట ఇచ్చిన కంపెనీయే 2022లో ఇలా రాసింది. మాకు ఇందులో రెండు తప్పులు కనబడుతున్నాయి. కష్టజీవిని కోతి చెయ్యడం ఒకటి. మన బుట్టాయగూడెం, జీలుగుమిల్లి అడవి పక్కన నిలబడి వానరసేన కథ వింటే, ఆ తప్పు ఎంత పాతదో తెలుస్తుంది. రెండోది, ఆ కథలో బానిసలకి తెలివి ఇచ్చిందీ ఇంకొకడే, విడుదల ఇచ్చిందీ ఇంకొకరే. తిరగబడ్డ చెయ్యి వాళ్లది కాదు. "మేమే మిమ్మల్ని ఉద్ధరించాం" అనే మాట మనం వినలేదా?

అదే ఏడాది జులైలో అదే కంపెనీ ఇంకో పుస్తకం వేసింది. రేడియంట్ సిటాడెల్ అనే నగరం నుంచి బయలుదేరే కథలు. ఆ కథలన్నీ నల్లజాతి, గోధుమరంగు రచయితలు రాసినవే. దాన్ని నడిపిన ఇద్దరిలో ఒకరు అజిత్ జార్జ్. పేద పిల్లల కోసం 1997లో తమిళనాడులో హోసూరు దగ్గర పెట్టిన శాంతిభవన్ బడి పనుల్లో ఉన్న మనిషి. అందులో ఒక కథ బెంగాల్‌కి చెందిన దళిత రచయిత్రి మిమీ మండల్ రాసింది. నదుల దేశం, బెంగాల్‌ని తలపించే లోకం. ఇన్నాళ్లూ ఎవరో ఒక తెల్లాయన దూరం నుంచి ఊహించి రాసే 'తూర్పుదేశం' స్థానంలో, ఆ నీళ్లు తాగి పెరిగిన మనిషి రాసిన లోకం వచ్చింది. ఆ రెండు పుస్తకాల మధ్య వ్యవధి ఒక నెలే. కంపెనీ ఒకటే. కలం ఎవరి చేతిలో ఉందన్నదే తేడా.

దూరపు కథ చాలు, మన ఇంటి కథకి వద్దాం. మనకి పటం లేదా? ఉంది. డక్కలివాళ్లు బట్ట మీద బొమ్మలు వేసిన పటం విప్పి జాంబపురాణం చెప్పేవాళ్లు. చిందువాళ్లు దాన్నే వేషం కట్టి ఆడేవాళ్లు. 2005లో పోయిన చిందు ఎల్లమ్మ ఆడమనిషి అయివుండి జాంబవంతుడి వేషంతో సభని శాసించింది. ఆ కథలో జాంబవుడు బ్రాహ్మడి ఎదుట నిలబడి, ఈ భూమి పుట్టకముందే ఆరు నెలల ముందు పుట్టినవాణ్ణి నేను, నువ్వెవడివి నన్ను దూరం జరగమనడానికి అని వాదిస్తాడు. వైకుంఠపాళిలో నోరు లేదు. జాంబపురాణంలో వాదన ఉంది. అదీ మన పటం గొప్ప.

కానీ మన పటాన్నీ అవే మూడు ప్రశ్నలు అడగాలి. కామధేనువు మాంసం ముట్టిన పాపానికి కిందికి దిగిపోయాం అని ఆ పురాణమే చెబుతుంది. మన పతనానికి మన తప్పే కారణం అన్నట్టు చెబుతుంది. శాపం అనే పెద్దపాము అందులోకీ పాకింది. ఇంకోటి, ఆ పటాన్ని వందల ఏళ్లు మోసిన డక్కలి మనిషిని మనం ఎక్కడ కూచోబెట్టాం? మన గొప్ప చెప్పించుకుని, మన గడప బయటే కూడు పెట్టి పంపాం. మాలామాదిగల కింద ఇంకో మెట్టు ఉందని మరిచిపోతే, మనం గీసే పటంలోనూ వాళ్ల గడికి పామే ఎదురవుతుంది.

అందుకే పిల్లల పటాన్ని మేము సమర్థిస్తున్నాం. దగ్గరికొచ్చి చూడండి. నిచ్చెనల దగ్గర హాస్టలు, లైబ్రరీ, పట్టా భూమి, 17వ అధికరణం, 1989 చట్టం అని రాశారు. పాముల దగ్గర రెండో గ్లాసు, ఫీజు బాకీ, పదో తరగతి మాన్పించి చేసిన పెళ్లి, గిరిజన భూమి కాజేసిన బినామీ అని రాశారు. ఆ చివరిది బుట్టాయగూడెం వైపు నుంచి వచ్చిన కోయ పిల్లలు రాసింది. 1970లో వచ్చిన 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. చట్టం నిచ్చెన, దాని పక్కనే బినామీ పాము. పెద్దపాము దగ్గర పిల్లలు చుండూరు అని రాశారు. 1991 ఆగస్టు 6న మనవాళ్లని నరికి పొలాల్లో, కాలవల్లో పడేశారు. పదహారేళ్లు కొట్లాడితే, 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. అంత పైకి ఎక్కాక 2014 ఏప్రిల్‌లో హైకోర్టు శిక్షలన్నీ కొట్టేసింది. గుమ్మం దగ్గర పాము అంటే ఏమిటో దీన్ని మించి చెప్పలేం.

పేర్లతో ఆగిపోకుండా పిల్లలు నియమం కూడా మార్చారు. అది మాకు ఇంకా నచ్చింది. పాము నోట్లో పడ్డవాడు వెంటనే జారిపోడు. ఏం చేస్తావో చెప్పు అని అందరూ అడుగుతారు. రెండో గ్లాసు దగ్గర పడ్డవాడు "స్టేషన్‌కి పోతా" అంటే చాలదు. ఏ చట్టం, ఏం అడుగుతావు, నీతో ఎవరొస్తారు అని అడుగుతారు. కేసు పెట్టాలంటే ముందుగా విచారణ చెయ్యాలి అని ఎస్ఐ వేషం కట్టిన పిల్ల బెదిరిస్తే, 2018లో చట్టంలో చేర్చిన 18ఎ సెక్షన్ ప్రకారం అక్కర్లేదు అని చెప్పాలి. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారే చెయ్యాలి అని చెప్పాలి. సరిగ్గా చెబితే గవ్వలు మళ్లీ వెయ్యొచ్చు. చెప్పలేకపోతే పక్కవాడు తన వంతు వదులుకుని చెయ్యి అందించొచ్చు. చూడండి, పాత పటంలో లేనివి రెండూ ఇక్కడ ఉన్నాయి. నోరు ఉంది, తోడు ఉంది. తగలెయ్యమన్న తమ్ముళ్లకి ఇదే మా జవాబు. 1927 డిసెంబరు 25న మహాద్‌లో బాబాసాహెబ్ మనుస్మృతిని తగలబెట్టించాడు, నిజమే. తగలబెట్టి ఊరుకోలేదు కదా, రాజ్యాంగం రాయడానికి కూచున్నాడు. పాతది కాలిస్తే గోడ ఖాళీ అవుతుంది. ఖాళీ గోడ మీద రేపు మళ్లీ వాళ్ల పటమే వేలాడుతుంది.

ఇక మందు పాము. ఒక ఆడపిల్ల రాసింది. ఎవరి పిల్ల అని వెతకొద్దు, ఏ ఇంట్లో చూసినా ఆ పాము ఉంది. "మన పరువు మనమే తీసుకోవడమెందుకు" అంటున్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాని తరిమినప్పుడు కూడా ఈ పరువు మాట వచ్చే ఉంటుంది. పరువు చూసుకుని వాళ్లు ఆగిపోయుంటే ఆ ఉద్యమం రాష్ట్రం అంతా అంటుకునేది కాదు. కలం చేతులు మారాలి అని ఇంతసేపు చెప్పాం. అగ్రకులం చేతిలోంచి మన మగవాళ్ల చేతికి వచ్చి అక్కడ ఆగిపోతే అది మారినట్టు కాదు. పిల్ల చేతిలో ఉన్న కలాన్ని మనం లాక్కుంటే, ఆ అమెరికా కంపెనీకి మనం చెప్పే నీతి ఏముంటుంది? ఆ పామును చెరపొద్దు. చెరపాలనుకున్నవాళ్లు ముందు ఇంట్లో చెరిపి రండి, తర్వాత పటం మీద ఆ పిల్లే చెరుపుతుంది.

మిత్రులారా, ఈ పటాన్ని అచ్చువేసి పంచమని కొందరు అడుగుతున్నారు. మేము వద్దంటున్నాం. అచ్చువేస్తే ఇదీ ఇంకో దేవుడి పటం అయిపోతుంది. ప్రతి పేట తన పటం తాను గీసుకోవాలి. కొయ్యలగూడెం పాము వేరు, పోలవరం పాము వేరు. ముంపులో ఇల్లు పోయిన పిల్లకి పెద్దపాము పేరు ఏమిటో మనం చెప్పక్కర్లేదు, ఆ పిల్లే రాస్తుంది. కార్యకర్తలు చెయ్యాల్సింది ఒక అట్ట, నాలుగు రంగులు, గుప్పెడు గవ్వలు తీసుకుపోవడం. చట్టం పుస్తకం ఒకటి పక్కన పెట్టుకోవడం. పిల్లలు రాస్తుంటే చెయ్యి అడ్డం పెట్టకుండా ఉండడం. ఏడాదికోసారి ఆ పటాన్ని దింపి, ఆ మూడు ప్రశ్నలూ మళ్లీ అడగడం. చచ్చిన పాముని తీసెయ్యండి, కొత్తగా పుట్టిన పాముని రాయండి.

పటం అంత పైనా వైకుంఠం ఉన్నచోట పిల్లలు ఏం రాశారో ఇంతసేపూ ఎవరూ అడగలేదు. అక్కడ వాళ్లు ఏమీ రాయలేదు. ఆ గడి ఖాళీగా వదిలారు. అందరూ చేరాక అందరం కలిసి రాస్తాం అన్నారు. మాకు తెలిసి ఇంతకన్నా మంచి నియమం ఏ పుస్తకంలోనూ లేదు.

జై భీమ్!